తిరిగొచ్చిన పేపరు: ఇంట్లో చదివే హైస్కూల్ పిల్లలు, సెల్ఫ్ పేస్డ్ క్లాసులు
(హోమ్ స్కూలింగ్ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సెలవు రోజు పొద్దున్నే ఇంతమంది వచ్చారు, పిల్లల్ని కూడా తీసుకొచ్చారు, చాలా సంతోషం. వెనక వరుసల్లో కూర్చున్న పిల్లలకు ఒక మాట. నేను మాట్లాడబోయేది మీ గురించే. మధ్యలో ఎక్కడైనా నేను చెప్పేది మీ అనుభవానికి కుదరకపోతే చెయ్యెత్తండి, ఆగుతాను.

రెండు నెలల కిందట ఒక తల్లి నాకు ఫోన్ చేశారు. వాళ్లబ్బాయికి పదిహేనేళ్లు. స్కూల్ మానిపించి ఇంట్లోనే చదివిస్తున్నారు. ఆల్జీబ్రాకి ఒక సెల్ఫ్ పేస్డ్, అంటే ఎవరి వేగంతో వాళ్లు చదువుకునే, ఆన్‌లైన్ క్లాసులో చేర్పించారు. కోర్సు గడువు పది నెలలు. ఆవిడ ఫోన్ చేసేసరికి ఏడు నెలలు గడిచిపోయాయి. స్క్రీన్ మీద ముప్ఫై శాతం దగ్గర గీత ఆగిపోయి ఉంది. "వాణ్ణి అడిగితే 'సెల్ఫ్ పేస్డే కదమ్మా, చేసేస్తాను' అంటాడండీ. గట్టిగా అడిగితే గొడవ. అడక్కపోతే నాకు నిద్ర పట్టదు" అన్నారు.

ఈ మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. పన్నెండేళ్లుగా ఇలాంటి క్లాసుల్లో లెక్కలు, సైన్సు పేపర్లు దిద్దుతున్నాను. మా అమ్మాయి హైస్కూల్ నాలుగేళ్లూ ఇంట్లోనే చదివింది. అంటే పేపరు దిద్దే టీచర్‌గానూ ఉన్నాను, దిద్దిన పేపరు కోసం ఎదురుచూసే తల్లిగానూ ఉన్నాను. ఆ అబ్బాయి కథకి మళ్లీ వస్తాను. ముందు అసలు ఈ క్లాసు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు ఫీజు కట్టాక కూడా లోపల ఏముందో ఒక్కసారైనా తెరిచి చూడరు.

లాగిన్ అవగానే కోర్సు యూనిట్లుగా కనిపిస్తుంది. పది కావచ్చు, పద్నాలుగు కావచ్చు. ఒక్కో యూనిట్‌లో కొన్ని పాఠాలు. ఒక్కో పాఠంలో చిన్న వీడియో, చదవాల్సిన పేజీలు, అభ్యాసానికి కొన్ని ప్రశ్నలు, చివర ఒక క్విజ్. యూనిట్ అయిపోగానే పరీక్ష. కొన్ని చోట్ల ప్రాజెక్టు, వ్యాసం, ల్యాబ్ రిపోర్టు ఉంటాయి. క్విజ్‌లో కనీసం ఇన్ని మార్కులు వస్తే గానీ తర్వాతి యూనిట్ తాళం తెరుచుకోదు అని కొన్ని కోర్సుల్లో నిబంధన పెడతారు. ఎనభై శాతం అనుకోండి. రాకపోతే మళ్లీ రాయొచ్చు, రెండుసార్లో మూడుసార్లో. ప్రతిసారీ ప్రశ్నల నిధి లోంచి వేరే ప్రశ్నలు వస్తాయి. చాలాసార్లు ప్రశ్న అదే, అంకెలు మాత్రం మారతాయి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

బెల్ ఉండదు. పొద్దున తొమ్మిదికి అందరూ ఒకేసారి స్క్రీన్ ముందు కూర్చోవాలన్న నియమం ఉండదు. పిల్లలు ఏ నెలలోనైనా చేరొచ్చు. చాలా కోర్సులకు చివరి తేదీ ఒక్కటే ఉంటుంది. మధ్యలో ఏ వారానికి ఎక్కడుండాలో చెప్పే పట్టిక ఇస్తారు కానీ అది సలహా మాత్రమే. ఆ పట్టిక తప్పినందుకు ఎవరూ ఏమీ అనరు. ఏమీ అనకపోవడమే హాయి, ప్రమాదం కూడా అందులోనే ఉంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. పిల్లలు రాసింది ఎవరి దగ్గరికి వెళ్తుంది? నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ప్రశ్నలకు కంప్యూటరే అప్పటికప్పుడు మార్కులు వేస్తుంది. మెట్లు చూపించి చేసిన లెక్క, వ్యాసం, ల్యాబ్ రిపోర్టు మాత్రం ఒక మనిషి చదవాలి. కొన్ని కోర్సుల్లో టీచర్ ఉంటారు, రెండు మూడు రోజుల్లో దిద్ది పంపుతారు. కొన్నిట్లో వారం పడుతుంది. కొన్నిట్లో టీచరే ఉండరు, అంతా కంప్యూటరే. బయటికి మాత్రం అన్నిటి పేరూ ఒకటే: సెల్ఫ్ పేస్డ్. పాఠాలు బాగున్నాయా, వీడియోలు అందంగా ఉన్నాయా అని అందరూ చూస్తారు. ఇంటర్నెట్‌లో మంచి పాఠాలకు ఇవాళ కొదవ లేదు, ఉచితంగానే బోలెడున్నాయి. మీరు డబ్బు కట్టేది పాఠం కోసం కాదు. మీ పిల్లవాడు రాసింది ఒకరు చదివి, తప్పెక్కడో చెప్పి, వెనక్కి పంపడం కోసం. నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికే. మిగతాదంతా దానికి వివరణ.

ఇది నా సొంత అభిప్రాయం అనుకునేరు. ఈ పద్ధతి పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. 1840లో ఇంగ్లండ్‌లో ఐజాక్ పిట్మన్ అనే ఆయన పోస్టులో షార్ట్‌హ్యాండ్ నేర్పడం మొదలుపెట్టాడు. అదే ఏడాది అక్కడ దేశమంతటికీ ఒకే రేటుగా ఒక్క పెన్నీకి ఉత్తరం పంపే ఏర్పాటు వచ్చింది. ఆయన పాఠం పంపేవాడు. నేర్చుకునేవాళ్లు బైబిల్‌లోని కొన్ని వాక్యాలు షార్ట్‌హ్యాండ్‌లో రాసి తిరిగి పోస్టు చేసేవాళ్లు. ఆయన దిద్ది మళ్లీ పంపేవాడు. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు కూర్చుని నేర్చుకున్నారు, ఎవరి ఇంట్లో వాళ్లు. కానీ పోయిన కాగితం తిరిగొచ్చింది. అది తిరిగి రాకపోతే ఆయన చేసింది పుస్తకాలు అమ్మడమే అయ్యేది.

అక్కణ్ణుంచి 1968కి రండి. ఫ్రెడ్ కెల్లర్ అని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి బ్రెజిల్‌లో, అమెరికాలో ప్రయోగించి చూసిన ఒక బోధనా పద్ధతి గురించి ఆ ఏడాది వ్యాసం రాశాడు. విద్యార్థి తన వేగంతో చదువుతాడు. ఒక యూనిట్ పూర్తిగా వచ్చిందని చూపిస్తే గానీ తర్వాతి యూనిట్ ఇవ్వరు. పాఠం ప్రధానంగా రాతపూర్వకంగా ఉంటుంది. ఇవాళ మన స్క్రీన్ మీద కనిపించేదంతా అందులో ఉంది చూడండి. ఇంకొకటి కూడా ఉంది, మనం దాన్ని మర్చిపోయాం. ఆ పద్ధతిలో ప్రాక్టర్లు ఉండేవాళ్లు. ఆ కోర్సు అప్పటికే బాగా చదివి ముగించిన సీనియర్ విద్యార్థులు. ఒకడు యూనిట్ పరీక్ష రాయగానే ప్రాక్టర్ పక్కన కూర్చుని అక్కడికక్కడే దిద్ది, "ఇది ఎందుకు ఇలా రాశావు?" అని అడిగేవాడు. జవాబు సరిగ్గా చెప్తే మార్కు మార్చేవాడు కూడా.

ఆ పద్ధతిని తర్వాత చాలా కాలేజీల్లో వాడారు, దాని మీద పరిశోధనలు బాగా జరిగాయి. నేర్చుకున్నది బాగా నిలిచిందని తేలింది. దానితోపాటు ఒక చిక్కు కూడా మొదటినుంచీ కనబడింది. వాయిదా. కొందరు విద్యార్థులు రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ చివరికి కోర్సే వదిలేసేవాళ్లు. వాళ్లు పెద్దవాళ్లు, కాలేజీ విద్యార్థులు. మన ఇంట్లో ఉన్నది పదిహేనేళ్ల పిల్లవాడు. వాడు వాయిదా వేస్తే బద్ధకస్తుడనో బాధ్యత లేదనో అనకండి. ఆ పద్ధతిలోనే ఉన్న గుంట అది. మనం ముందే చూసి పూడ్చాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను.

మా అమ్మాయికి అప్పుడు పదహారేళ్లు, కెమిస్ట్రీ సెల్ఫ్ పేస్డ్‌లో తీసుకుంది. నేను పనిలో ఉండేదాన్ని. రోజూ సాయంత్రం స్క్రీన్ చూపించేది. వరసగా ఆకుపచ్చ టిక్కులు. క్విజ్‌లో తొంభై, తొంభై ఐదు. మూడు వారాల్లో నాలుగు యూనిట్లు దాటింది. నాకు చాలా గర్వంగా ఉండేది. ఒకరోజు తన పక్కన కూర్చుని, ఊరికే మాటల్లో ఒక ప్రశ్న అడిగాను. హైడ్రోజన్ అణువులు రెండు, ఆక్సిజన్ అణువు ఒకటి కలిస్తే నీటి అణువులు రెండు తయారవుతాయి. ఇది తనకు బాగా తెలుసు. "4 గ్రాముల హైడ్రోజన్ పూర్తిగా మండితే ఎన్ని గ్రాముల నీళ్లొస్తాయి?" అన్నాను. "36" అని టక్కున చెప్పింది. కరెక్టే. "10 గ్రాములైతే?" "90." అదీ కరెక్టే. అప్పుడు, "సరే, 16 గ్రాముల ఆక్సిజన్ ఉంది, కావలసినంత హైడ్రోజన్ ఉంది. ఎన్ని గ్రాముల నీళ్లు?" అన్నాను.

కాసేపు ఆలోచించి "144" అంది.

సరైన జవాబు 18. 16 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసేది 2 గ్రాముల హైడ్రోజన్, రెండూ కలిపి 18. మరి 144 ఎలా వచ్చింది? పదహారు తొమ్మిదులు. క్విజ్ మూడు సార్లు రాసే వీలుంది, ప్రతిసారీ అంకెలు మారేవి కానీ ప్రశ్న ఎప్పుడూ హైడ్రోజన్ గ్రాముల్లోనే అడిగేది. పిల్ల దాన్ని గమనించి తొమ్మిదితో గుణిస్తే చాలని పట్టేసింది. మోసం చేద్దామని కాదు. అదే పాఠం అనుకుంది. కంప్యూటర్ కూడా అవునంది, పచ్చ టిక్కు వేసింది.

ఆ రోజు తను ఏడ్చింది. నాలుగు యూనిట్లు వృథా అయ్యాయేమోనని. నేను తన నోట్ పుస్తకం తెరిచి చూస్తే మూడు వారాల్లో రాసింది ఒకటిన్నర పేజీ. అంతా స్క్రీన్ మీదే జరిగిపోయింది. వీడియోలు రెట్టింపు వేగంతో చూసేదట.

అయితే ఇందులోనే సెల్ఫ్ పేస్డ్ గొప్పతనం కూడా నాకు మొదటిసారి అర్థమైంది. మర్నాడు మేము రెండో యూనిట్‌కి వెనక్కి వెళ్లాం. నాలుగు రోజులు అక్కడే కూర్చున్నాం. మోల్ అంటే ఏంటి, ఎందుకు కావాలి, గ్రాముల్ని నేరుగా పోల్చకూడదని ఎందుకంటారు. ప్రతి లెక్కా మెట్లు మెట్లుగా పుస్తకంలో రాయించాను. క్లాసు గదిలో అయితే ముప్ఫై మంది ముందుకు వెళ్లిపోతుంటే ఈ పిల్ల ఒక్కదాని కోసం ఎవరూ నాలుగు రోజులు ఆగలేరు. ఇక్కడ ఆగగలిగాం, ఎవరినీ అడగకుండానే. వెనక్కి వెళ్లినందుకు సిగ్గుపడక్కర్లేదు, చూసేవాళ్లు లేరు. వేగం మన చేతిలో ఉంది అంటే అందరూ తొందరగా ముగించడం గురించే ఆలోచిస్తారు. నెమ్మదించే హక్కు కూడా అదే. నా మటుకు నాకు అదే ఎక్కువ విలువైంది.

జ్ఞాపకం గురించి కూడా ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో టైమ్ టేబుల్ దీని మీదే ఆధారపడుతుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. అర్థం లేని అక్షరాల ముక్కలు కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కగట్టాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో చాలా వేగంగా ఉంటుందని, తర్వాత నెమ్మదిస్తుందని తేలింది. మళ్లీ 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెడితే, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

ఇది మన ఇంట్లో ఎలా పనికొస్తుంది? వీడియో అయ్యాక వెంటనే క్విజ్ రాస్తే బాగా వస్తుంది, అది ఐదు నిమిషాల జ్ఞాపకం. అందుకే మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇవాళ చూసిన పాఠానికి క్విజ్ రేపు. రేపు కూర్చోగానే, ఏదీ తెరవకముందు, నిన్నటి పాఠంలో గుర్తున్నది తెల్లకాగితం మీద పది నిమిషాలు రాయాలి. తర్వాత క్విజ్. మార్కులు మొదట్లో తగ్గాయి. తొంభై ఐదు కాస్తా డెబ్భై అయింది. మా అమ్మాయికి చాలా టెన్షన్. నాకు మాత్రం ఆ డెబ్భై నమ్మదగిన డెబ్భై అనిపించింది. రెండు నెలలకి మళ్లీ తొంభై దాటింది. ఈసారి ఎటునుంచి అడిగినా చెప్పేది.

సరే, ఇప్పుడు ఆ అబ్బాయి దగ్గరికి వద్దాం.

వాళ్లింటికి వెళ్లాను. ముగ్గురం కూర్చుని ముందు ఒక లెక్క వేశాం. హైస్కూల్‌లో ఒక ఏడాది కోర్సుకి సుమారు 120 గంటల పని అని ఒక పాత కొలత ఉంది. గత శతాబ్దం మొదట్లో అమెరికాలో పెట్టుకున్నది, కార్నెగీ యూనిట్ అంటారు. చాలా కోర్సులు ఇప్పటికీ ఆ లెక్కలోనే తయారవుతాయి. 36 వారాలు, వారానికి ఐదు రోజులు, అంటే 180 రోజులు. 120 గంటల్ని 180 రోజులకు పంచితే రోజుకు నలభై నిమిషాలు. ఒక సబ్జెక్టుకి నలభై నిమిషాలంటే ఎవరికైనా తేలికే. ఈ అబ్బాయికి ఇంకా డెబ్భై శాతం ఉంది. 84 గంటలు. మిగిలింది మూడు నెలలు, అంటే 65 పని రోజులు. భాగిస్తే రోజుకు గంటా పదిహేడు నిమిషాలు, ఒక్క ఆల్జీబ్రాకే. అబ్బాయి ఆ అంకె వైపు చూసి ఏమీ మాట్లాడలేదు. కానీ భయపడలేదని గమనించాను. అప్పటిదాకా వాడి మనసులో అది ఒక కొండలా ఉంది. ఇప్పుడు గంటా పదిహేడు నిమిషాలైంది. ఎంత ఉందో తెలియని పనిని ఎవరైనా వాయిదా వేస్తారు. కొలిస్తే మొదలుపెట్టబుద్ధవుతుంది.

కానీ అసలు కారణం అది కాదు. "ముప్ఫై శాతం దగ్గరే ఎందుకు ఆగావు నాన్నా, అక్కడేముంది?" అని అడిగాను. తెరిచి చూపించాడు. నాలుగో యూనిట్ చివర ఒక అసైన్‌మెంట్. నిజ జీవితంలోని ఒక సమస్య తీసుకుని రెండు సమీకరణాలు రాసి, సాధించి, ప్రతి మెట్టూ మాటల్లో వివరించి టీచర్‌కి పంపాలి. అది పంపితేనే ఐదో యూనిట్ తెరుచుకుంటుంది. అంతకుముందంతా ఆప్షన్లు ఎంచుకోవడమే. ఒక మనిషికి రాసి పంపాల్సి రావడం అదే మొదటిసారి. నాలుగు నెలలుగా రోజూ ఆ పేజీ తెరిచి, చూసి, మూసేస్తున్నాడు. అమ్మకి చెప్తే "ఇంత చిన్నదానికా" అంటుందని భయం. టీచర్‌కి మెయిల్ పెట్టొచ్చని వాడికి తెలుసు. ఎలా పెట్టాలో తెలియదు.

ఈ మాట కాస్త నిలబడి చెప్తాను. స్కూల్లో పిల్లలు చెయ్యెత్తి అడగడం నేర్చుకుంటారు. కనీసం పక్కవాణ్ణి గిల్లి అడుగుతారు. ఇంట్లో చదివే పిల్లలకు అడిగే అలవాటు రాతలో రావాలి. అది దానంతట అది రాదు, నేర్పాలి. ఆ అబ్బాయి మొదట రాసిన మెయిల్: "సార్, నాకు నాలుగో అసైన్‌మెంట్ అర్థం కాలేదు." ఇలాంటి మెయిళ్లు నాకు వారానికి పది వస్తాయి. దీనికి టీచర్ ఏం చెప్పగలరు? పాఠం మళ్లీ చూడు అంటారు. పిల్లవాడు చిన్నబుచ్చుకుని ఇంక అడగడు. మేమిద్దరం కూర్చుని మళ్లీ రాశాం. "నేను రెండు రకాల టికెట్ల అమ్మకం గురించి సమస్య తీసుకున్నాను. మొదటి సమీకరణం రాశాను, ఫొటో జతచేశాను. రెండో సమీకరణంలో టికెట్ల సంఖ్య పెట్టాలా, వచ్చిన డబ్బు పెట్టాలా అన్నది తేలడం లేదు. సంఖ్య పెడితే మొదటి సమీకరణమే మళ్లీ వస్తోంది." ఏం చేశాను, ఎక్కడ ఆగాను, ఏం ప్రయత్నించాను. ఇలా అడిగిన పిల్లవాడికి ఏ టీచరైనా జవాబు రాస్తారు. మర్నాడు సాయంత్రానికి జవాబొచ్చింది. నాలుగు నెలల ముడి ఒక్క రోజులో విడిపోయింది.

ఆ తల్లికి నేను చెప్పింది ఒక్కటే. రోజూ అడగడం మానేయండి. "అయిందా, అయిందా" అని రోజుకు నాలుగుసార్లు అడిగితే అబద్ధం చెప్పడం అలవాటవుతుంది. దానికి బదులు వారానికి ఒక రోజు, ఒకే టైముకి, ఇరవై నిమిషాలు కూర్చోండి. స్క్రీన్ శాతం చూడకండి. నోట్ పుస్తకం తెరవమనండి. ఈ వారం రాసిన వాటిలో ఒకటి తీసి "ఇది నాకు చెప్పు" అనండి. మీకు ఆల్జీబ్రా రాకపోయినా ఫర్వాలేదు. నిజానికి రాకపోతేనే మంచిది, వాడు మొదటినుంచీ చెప్పాల్సొస్తుంది. తర్వాత టీచర్ దిద్ది పంపినది చూడండి. ఆ వ్యాఖ్య చదివాడా, దానికి ఏం చేశాడు? చివరగా వచ్చే వారం ఎక్కడికి చేరతాడో వాడి చేతే రాయించండి. మీరు రాయొద్దు. అంకె వాడిదై ఉండాలి. ఇంటర్నెట్‌లో ప్రతి ప్రశ్నకీ తయారు జవాబు దొరికే ఈ రోజుల్లో, కాపీ కొట్టాడా లేదా అని పోలీసులా వెతకడం కన్నా ఈ ఇరవై నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి. అర్థం కానిదాన్ని ఎదురుగా కూర్చుని చెప్పడం ఎవరివల్లా కాదు.

ఏ సబ్జెక్టులు ఇలా చదవొచ్చు అని అందరూ అడుగుతారు. క్లుప్తంగా చెప్తాను. లెక్కలు, ప్రోగ్రామింగ్, చరిత్ర, ఎకనామిక్స్ బాగా కుదురుతాయి. కొత్త భాష మాట్లాడటం ఒంటరిగా రాదు, దానికి వారానికి ఒక్కసారైనా ఎదురుగా మనిషి కావాలి. సైన్సులో స్క్రీన్ మీది ల్యాబ్ ఆలోచనకి పనికొస్తుంది కానీ చేతికి పని నేర్పదు, ప్రయోగాలకు వేరే ఏర్పాటు చూసుకోండి. వ్యాస రచనకు టీచర్ లేని కోర్సు అసలు తీసుకోవద్దు. అయిదు సబ్జెక్టులూ ఒకేసారి సెల్ఫ్ పేస్డ్‌లో పెట్టొద్దు. మొదటి ఏడాది ఒకటి, మహా అయితే రెండు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఆ కోర్సుని మీ బోర్డు గానీ, పిల్లవాడు చేరాలనుకునే కాలేజీ గానీ గుర్తిస్తుందా అన్నది చేరకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. హోమ్ స్కూలింగ్ నియమాలు దేశానికొక రకం, ఒక్కోచోట రాష్ట్రానికొక రకం. పక్కింటివాళ్లకు చెల్లింది మనకు చెల్లాలని లేదు. చివరి పరీక్ష ఎవరైనా పర్యవేక్షిస్తారా అని కూడా అడగండి, కొన్ని కాలేజీలు అది చూస్తాయి. ఇంకొకటి, నేను దెబ్బతిని నేర్చుకున్నది. కోర్సు గడువు అయిపోగానే అకౌంట్ మూసేశారు. మా అమ్మాయి రాసిన ల్యాబ్ రిపోర్టులు, టీచర్ వ్యాఖ్యలు అన్నీ అందులోనే పోయాయి. తర్వాత ఒక చోట నమూనా పని చూపించమంటే మా దగ్గర మార్కుల పట్టిక తప్ప ఏమీ లేదు. అందుకని సిలబస్, దిద్దిన ప్రతి పేపరు, ఏ నెలలో ఎంత చదివారన్న లెక్క, వచ్చినవి వచ్చినట్టే మీ కంప్యూటర్‌లో దాచుకోండి.

ఇక నేను ఆపుతాను, మీరు అడగండి.

(సభలో ఒక తండ్రి: "మా అమ్మాయి ఏడాది కోర్సు నాలుగు నెలల్లో ముగిస్తానంటోంది. ఆపాలా, ఒప్పుకోవాలా?")

ఆపకండి. కొంతమంది పిల్లలకు ఒక సబ్జెక్టు మీద ఆకలి ఉంటుంది, వాళ్లు పరుగెత్తుతుంటే చూడ్డానికే ఆనందంగా ఉంటుంది. ఒక్కటి చెయ్యండి. ముగించిన రెండో యూనిట్‌లోంచి ఒక ప్రశ్న తీసి, నాలుగో యూనిట్ అయ్యాక అడగండి. ముందస్తుగా చెప్పొద్దు. చేస్తే పరుగెత్తనివ్వండి. చెయ్యలేకపోతే ఏం చెయ్యాలో తనే చెప్తుంది, మీరు చెప్పక్కర్లేదు.

(వెనక వరుస నుంచి ఒక అమ్మాయి: "మేడమ్, పొద్దున లేవగానే చదవాలా? నాకు రాత్రే బాగా ఎక్కుతుంది.")

రాత్రే చదువమ్మా. సెల్ఫ్ పేస్డ్ ఉన్నదే అందుకు. రోజూ ఒకే వేళ కూర్చో, అంతే. వేళ మారుతూ ఉంటే ప్రతిరోజూ "ఇప్పుడా, తర్వాతా" అని నీతో నువ్వే వాదించుకోవాలి. సగం శక్తి ఆ వాదనలోనే పోతుంది. నీ నిద్ర మాత్రం తగ్గకుండా చూసుకో.

(ఒక తల్లి: "ఆ అబ్బాయి కోర్సు పూర్తి చేశాడా మేడమ్?")

ఇంకా లేదండి. గడువు ఇంకో నెల ఉంది. మొన్న గురువారానికి తొమ్మిదో యూనిట్‌లో ఉన్నాడు, మొత్తం పన్నెండు. మధ్యలో ఒక పరీక్షలో అరవై నాలుగు వచ్చింది. తప్పులు దిద్దుకుని మళ్లీ రాస్తానని తనే టీచర్‌కి మెయిల్ పెట్టాడు. పూర్తవకపోతే ఒక నెల గడువు పెంచమని అడగొచ్చు, చాలా కోర్సుల్లో ఆ వీలు ఉంటుంది. కొద్దిగా డబ్బు కట్టాలి. ముందే అడగాలి, చివరి రోజు కాదు.

(అదే తల్లి: "కోర్సు మంచిదో కాదో చేరిన కొత్తలోనే ఎలా తెలుస్తుంది?")

చాలా చోట్ల మొదటి రెండు వారాల్లోనో మూడు వారాల్లోనో మానేస్తే డబ్బు తిరిగిస్తారు. ఆ తేదీ ఎప్పుడో చూసి గోడ మీద రాసి పెట్టుకోండి. ఆలోపు మీ పిల్లల చేత కనీసం ఒక్కటి, టీచర్ దిద్దాల్సిన పని, చేయించి పంపించండి. ముందు వీడియోలు చూసి తర్వాత చేద్దాంలే అనుకోవద్దు. అది ఎన్ని రోజులకు తిరిగొచ్చిందో రాసుకోండి. వచ్చాక తెరిచి, మార్కు పక్కన ఏం రాసి ఉందో చదవండి. "వెరీ గుడ్" అని ఒక్క మాటే ఉంటే, లేదా అంకె తప్ప ఏమీ లేకపోతే, గడువు దాటకముందే డబ్బు వెనక్కి అడిగేయండి. "మూడో మెట్టులో మైనస్ గుర్తు ఎందుకు మారింది, మళ్లీ చూడు" అని రాసి ఉందనుకోండి, అక్కడే ఉండనివ్వండి.